మాటరాని బిడ్డ - తెరమీది వైద్యుడు

2000వ సంవత్సరము మార్చి 24వ తేదీన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాదునకు వచ్చినపుడు చిత్తూరు జిల్లాలోని అరగొండ గ్రామము పేరు లోకమునకెల్ల వినవచ్చినది. అపోలో వైద్యశాలల స్థాపకులగు డాక్టరు ప్రతాప్ సి. రెడ్డిగారి స్వగ్రామమది. ఆ పల్లెలోని వైద్యశాలను ఉపగ్రహము మూలమున దూరపట్టణములందలి నిపుణులతో కలిపిన దూరవైద్య కేంద్రమునకు ఆనాడు ప్రారంభోత్సవము జరిగినది. పల్లెటి రోగి తన యూరు విడువకయే పట్టణమందలి నిపుణునకు కనబడవచ్చునను మాట మన సీమయందు ఆనాడు కార్యరూపము దాల్చినది. అందుకు మనము గర్వింపవచ్చును.

అయితే ఆనాడు ఆకాశమార్గమున పోయినవి గుండె చప్పుడుల రేఖలు, ఎముకల ఛాయాపటములు. యంత్రము తీసిన పటమును ఎంత దూరమైనను పంపవచ్చును, పటము మారదు. నేడు మన ముందున్న ప్రశ్న అంతకన్న కఠినమైనది. మూడేండ్లు నిండవచ్చుచున్నను మాట పలుకని బిడ్డయొక్క చూపును, నవ్వును, మౌనమును అట్లే పంపవచ్చునా? ఆటిజము కలదా లేదా యని వైద్యుడు తెరమీద చూచి తీర్మానింపవచ్చునా? తిరుపతి, చిత్తూరు ప్రాంతములందలి అనేక కుటుంబములకు ఇది విద్వాంసుల చర్చ కాదు. బిడ్డ బ్రతుకునకు సంబంధించిన ప్రశ్న.

ఆటిజమనగా నేమో మొదట స్పష్టపరచుకొందము. ఇది పిచ్చి కాదు. పెంపకపు దోషము కాదు. తల్లి చేసిన పాపము అంతకన్న కాదు. ఒకప్పుడు పాశ్చాత్య వైద్యులలోనే కొందరు తల్లికి ప్రేమ చాలనందువలన బిడ్డ ఇట్లయ్యెనని నిందించిరి. ఆ వాదము నిలువక నశించినది. ఇది మెదడు పెరుగుదలయందు శైశవమునుండియు నుండు భేదము. ఇతరులతో కలిసిమెలిసి మెలగుట, మాటను సైగను ఇచ్చిపుచ్చుకొనుట వీరికి సులభముగా అలవడవు. చేసిన పనినే మరల మరల చేయుదురు. కొన్ని చప్పుళ్లను, కొన్ని స్పర్శలను సహింపలేరు. ప్రపంచమున నూటికి పైచిలుకు మందిలో ఒకరికిది యుండునని ప్రపంచారోగ్య సంస్థ అంచనా. ఈ లెక్కన ప్రతి పెద్ద గ్రామమునను ఒకరిద్దరైనను ఉండక తప్పదు.

మన తల్లులు చందమామను చూపి బిడ్డకు అన్నము తినిపింతురు. ఈ చిన్న యాచారములో గొప్ప పరీక్ష ఇమిడియున్నది. ఏడాది దాటిన బిడ్డ తల్లి వ్రేలు చూపిన దిక్కునకు చూచును. చంద్రుని చూచి మరల తల్లి మొగము చూచును. కొలది నెలలలో తానే వ్రేలు చాచి తల్లికి చూపును. పేరు పెట్టి పిలిచిన తిరిగి చూచును. ఏడాదిన్నరకు బొమ్మకు అన్నము పెట్టినట్లు నటించును. ఇవి కనబడనపుడు తల్లి మనస్సు మొదట కీడు శంకించును. అంతట ఇంటి పెద్దలు, "మగపిల్లవాడు, మాటలాలస్యముగా వచ్చును, వాని మేనమామకును అయిదేండ్లకు గాని రాలేదు" అని ఓదార్తురు. ఇంట తెలుగు, వీథిలో అరవము వినుటచే బిడ్డ తికమకపడుచున్నాడని మరియొకరందురు. రెండు భాషలు వినుటవలన ఆటిజము రాదు. ఫోను చూచుటవలన వచ్చెనని ఇంకొకరందురు. బిడ్డను గంటలకొలది ఫోను ముందు కూర్చుండబెట్టుట మాటకు చేటే; కాని ఆటిజమునకు అది కారణమని చెప్పుట సరికాదు. ఏడుకొండలవానికి మ్రొక్కుకొని తలనీలాలిచ్చుటను మేమాక్షేపింపము. మ్రొక్కుతోపాటు పరీక్షయు జరుగవలెనని మాత్రమే మా మనవి. ఓదార్పులతో రెండు మూడేండ్లు గడచిపోవుచున్నవి. సేద్యగాండ్రకు మేము చెప్పవలసినది లేదు: అదను తప్పిన పిమ్మట వేసిన విత్తు మొలచునేమో గాని, అదనున వేసిన దానివలె పండదు.

పరీక్ష చేయింప నెంచినవారికైనను దారి సుగమము కాదు. చిత్తూరువారు ముప్పదియైదు కిలోమీటర్ల దూరమందలి వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు పోవుదురు. కుప్పము, మదనపల్లె ప్రాంతములవారు బెంగుళూరు నిమ్హాన్సు దారి పట్టుదురు. తిరుపతివారిలో స్తోమత కలవారు చెన్నపట్టణమునకు పోవుదురు. తిరుపతియందు రుయా వైద్యశాల, వైద్య కళాశాల, స్విమ్సు మున్నగు సంస్థలున్నను, బిడ్డల మనోవికాసమును పరీక్షించుటయే వృత్తిగా గల నిపుణులు దేశమునందే స్వల్పసంఖ్యాకులు. బస్సు కూత వినిన చెవులు మూసికొని కేకలు వేయు బిడ్డను రెండు బస్సులు మార్చి తీసికొనిపోవుట యెట్టిదో అనుభవించిన తల్లికే తెలియును. కూలి పోవును, దారిబత్తెము పోవును. అంత శ్రమపడి వైద్యుని యెదుట కూర్చుండునప్పటికి బిడ్డ నిద్రలేమిచేతను భయముచేతను తన సహజస్థితియందుండడు. వైద్యుడు చూచునది ఆ బిడ్డను కాదు, ఆ ప్రయాణమును.

కావున తెరమీది పరీక్షను కేవలము లోపభూయిష్ఠమైన ప్రత్యామ్నాయమని త్రోసివేయరాదు. ఈ శాస్త్రముయొక్క పుట్టుకయే ఒక ఉత్తరముతో ఆరంభమైనది. 1938లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రమున, ఫారెస్టు అను చిన్న పట్టణమున, ఒక న్యాయవాది తన కుమారుని వింతనడవడిని గూర్చి ముప్పదిమూడు పుటల లేఖను టైపు చేయించి బాల్టిమోరు నగరమందలి లియో కానర్ అను వైద్యునకు పంపెను. పిమ్మట కానర్ ఆ బాలుని స్వయముగా చూచెను. 1943లో పదునొకండుగురు పిల్లలను గూర్చి ఆయన ప్రకటించిన వ్యాసమే ఆటిజమునకు తొలి వైద్యగ్రంథము వంటిది. అందు మొదటి బాలుడతడే. ఇందు రెండు పాఠములున్నవి. బిడ్డను గూర్చి ఇంటివారెరిగినంత వైద్యుడు ఒక గంటలో ఎరుగజాలడనుట మొదటిది. లేఖ యెంత దీర్ఘమైనను వైద్యుడు బిడ్డను చూడకుండ తీర్మానింపలేదనుట రెండవది. దూరపరీక్షను గూర్చిన మా యభిప్రాయమంతయు ఈ రెండు పాఠములలోనే యున్నది.

2020లో కోవిడు మహమ్మారి వైద్యశాలల తలుపులు మూయించినపుడు ఈ పద్ధతి విస్తరించినది. మన దేశమున ఆ సంవత్సరము మార్చి 25వ తేదీన దూరవైద్యమునకు ప్రత్యేక నియమావళి వెలువడి, రిజిస్టరైన వైద్యుడు వీడియో ద్వారా రోగిని చూచుటకు స్పష్టమైన ఆధారమేర్పడినది. అమెరికాలోని వాండర్‌బిల్టు విశ్వవిద్యాలయమువారు మూడేండ్లలోపు పసివారికొరకు ఒక పరీక్షావిధానమును రూపొందించిరి. అందు వైద్యుడు తెరమీద మాట మాత్రమే చెప్పును. ఆట ఆడించునది తల్లియే. తల్లి బిడ్డను పేరు పెట్టి పిలుచును. సబ్బునీటి బుడగలూది ఒక్కసారిగా ఆపును. ఇంకను ఊదుమని బిడ్డ చూపుతోనో చేతితోనో అడుగునా యని వైద్యుడు కనిపెట్టును. మూత బిగించిన సీసాలో తినుబండారము పెట్టి యిచ్చును. బిడ్డ తల్లి మొగము చూచి అడుగునా, లేక ఆమె చేతిని ఒక పనిముట్టువలె లాగి సీసాపై పెట్టునా యని గమనించును. ఇట్లు చూపు, మాట, సైగ, ఆట, దేహపు కదలికలు మున్నగు ఏడు విషయములను లెక్కవేసి తీర్మానించును. ఇట్టి తీర్మానములు ముఖాముఖి పరీక్షలతో పెక్కింట సరిపోయినవని పరిశోధకులు కనుగొనిరి. సందేహము మిగిలిన పిల్లలను మరల ఎదుటికి రప్పించిరి. మరికొందరు, ఇంటివారే తీసిన వీడియోలను, అనగా బిడ్డ భోజనము చేయునపుడు, ఒంటరిగా ఆడుకొనునపుడు, తోడిపిల్లలతో నున్నపుడు తీసినవానిని, తీరికగా పరిశీలించు పద్ధతిని అనుసరించుచున్నారు.

ఈ పనిముట్లన్నియు మన యిండ్లలోనే యున్నవి. సబ్బునీరు, సీసా, వేరుసెనగపప్పు వెలకు కొని తేవలసినవి కావు. పెద్దపెద్ద విదేశీ పరీక్షలలో పుట్టినరోజు కేకునకు క్రొవ్వొత్తులు పెట్టు ఆట మొదలగునవి యున్నవి. ఆ వేడుక నెన్నడు చూడని పల్లెటి బిడ్డ దానిని చూచి ఊరకున్నచో అది రోగలక్షణమా, పరిచయలేమియా? తల్లి తన యింట, తన భాషలో ఆడించు ఆటలో ఈ పొరపాటు తక్కువ.

ఇక రెండవ పక్షమును కూడ నిష్పక్షపాతముగా చూడవలెను. తెర చేయలేని పనులు కొన్ని కలవు. మొదటిది చెవుల పరీక్ష. పేరు పెట్టి పిలిచిన పలుకని బిడ్డకు ఆటిజమే యుండనక్కరలేదు, చెవుడు కావచ్చును. ఆ సంగతి యంత్రముతో, శబ్దము లేని గదిలో తేలవలెనే గాని ఫోనులో తేలదు. చెవిటి బిడ్డను ఆటిజమని ఏండ్లతరబడి త్రిప్పినచో ఆ యపరాధము మన్నింపరానిది. తల కొలత, కండరముల పట్టు, చర్మముపై మచ్చలు, మూర్ఛల జాడ మున్నగునవి చేతితో తాకి, కంటితో దగ్గరగా చూచి తెలిసికొనవలసినవి.

రెండవది, ఫోనే బిడ్డను మాయచేయును. వెలుగు తెర కనబడినంతనే బిడ్డ తల్లిని, బుడగలను విడిచి దానివంక చూచుచుండును. అపుడు వైద్యునకు కనబడునది ఫోను చూచు బిడ్డయే. దానిని బిడ్డకు కనబడని చోట, ఎత్తున నిలిపి, నోరు మెదపని వైద్యుని ముందు ఆట సాగింపవలెను. మూడవది, మన యిండ్లలో ఏకాంతము తక్కువ. తల్లిని అడిగిన ప్రశ్నకు అత్తగారు బదులు చెప్పుదురు. ప్రక్కింటివారు గడపలో నిలుచుందురు. నాలుగవది, ఫోను భర్త జేబులోను, భర్త పనిమీదను ఉండిన యింట ఈ సదుపాయము పేరునకే యుండును. అయిదవది, బిడ్డ వీడియో ఎవరి చేతికి పోవునోయను భయము. 2023లో చేయబడిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పిల్లల సమాచారమునకు తల్లిదండ్రుల యంగీకారము కావలెనని శాసించినది. ఆ యంగీకారము చదువురాని తల్లికి అర్థమగు మాటలలో తీసికొనబడవలెను.

భాషావిషయమును ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. ఈ సీమ మూడు రాష్ట్రముల కూడలి. నగరి, పుత్తూరు ప్రాంతములందు అరవము, కుప్పమున కన్నడము, అరవము, మదనపల్లె ప్రాంతమున ఉర్దూ ఇంటిభాషలుగా గల కుటుంబములనేకము. పరీక్షయంతయు మాటకును మాటలేమికిని సంబంధించినపుడు, తల్లి భాష తెలియని వైద్యుని తీర్పు సగము గ్రుడ్డిది. ఇచ్చట దూరవైద్యమునకు ఒక విశేషగుణము కలదు. తీగకు ఎల్లలు లేవు. అరవము మాటలాడు తల్లికి అరవము తెలిసిన నిపుణుని, ఉర్దూ మాటలాడు తల్లికి ఉర్దూ తెలిసినవారిని తెరమీద చూపవచ్చును. బస్సులలో తిరుగు రోగికి ఆ సౌలభ్యము లేదు.

ఇక చట్టము సంగతి. 1999లోని జాతీయ న్యాసచట్టము ఆటిజము పేరును గుర్తించినది. 2016లోని దివ్యాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క విధములగు వైకల్యములలో దానిని చేర్చినది. నూటికి నలుబది పాళ్లకు తక్కువ కాని వైకల్యము కలదని ధ్రువపత్రము పొందినవారికే ముఖ్యమైన సదుపాయములు లభించును. మన రాష్ట్రమున దివ్యాంగుల పింఛను 2024 జూలై మొదలు నెలకు 6,000 రూపాయలైనది. పేదయింటికి ఇది అల్పము కాదు. కొలతకు సాధనము మనవారే చేసిరి. సికిందరాబాదునందలి జాతీయ మానసిక వికలాంగుల సంస్థవారు 2009లో నలుబది యంశములుగల భారతీయ కొలమానమును ప్రకటించిరి. డెబ్బదికి తక్కువ వచ్చిన ఆటిజము లేదని, నూటయేబదిమూడు దాటిన తీవ్రమని దాని లెక్క. 2016లో కేంద్రప్రభుత్వము ధ్రువపత్రముల కొరకు దీనినే విధించినది. ఇది మన దేశపు పిల్లలకు మన దేశమున చేసిన కొలమానమగుట మనకు సంతోషకరము. కాని అది మూడేండ్లు నిండినవారి కొరకు ఏర్పడినది. అదను అంతకు ముందే కదా! కావున పసివారికై తెలుగున, మన యిండ్ల ఆటలతో కూడిన దూరపరీక్షావిధానమొకటి మన విశ్వవిద్యాలయములే సిద్ధముచేయవలసియున్నది. తిరుపతి పట్టణమున వైద్య కళాశాలయు, మహిళా విశ్వవిద్యాలయమును ప్రక్కప్రక్కనే యున్నవి. ఈ పనికి వారికన్న తగినవారెవరు?

ధ్రువపత్రము కేవలము తెరమీది పరీక్షతో ఈయవలెనని మేము కోరము. ధనము ముడిపడిన చోట మోసము పొంచియుండును. కాని శిబిరపు త్రొక్కిసలాటలో, అపరిచితుల నడుమ, కొలది నిమిషములు చూచి బిడ్డ బ్రతుకునకు ముద్ర వేయుట కూడ న్యాయము కాదు. దూరపరీక్షయందు సేకరించిన చరిత్రయు, ఇంటి వీడియోలును ముందుగనే వైద్యమండలి యెదుటికి చేరినచో, తల్లి తన దుఃఖకథను నలుగురి ముందు మరల మొదటినుండి చెప్పవలసిన పని యుండదు. బిడ్డ ఒక్కమారు వచ్చిన చాలును.

దీనికి క్రొత్త భవనములు కట్టనక్కరలేదు. ఈ-సంజీవని దూరవైద్యమును ఆరోగ్యకేంద్రములందు 2019 నవంబరులో దేశమున మొదట ఆరంభించిన రాష్ట్రము మనదే. ప్రత్యేకావసరములుగల పిల్లలకు విద్యాశాఖవారు మండలములందు నడపు భవిత కేంద్రములున్నవి. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమము పిల్లలలోని ఎదుగుదల లోపములను వెదకుటకే యేర్పడినది. 2025 జూలైలో కుప్పమున గ్రామారోగ్యకేంద్రములను నిపుణులతో కలుపు డిజిటల్ కేంద్రము వెలసినది. అంగడిలో సరకులన్నియు నున్నవి, వంటచేయువారే కావలెను. మా సూచనలివి. ప్రతి మండలమునను భవిత కేంద్రమందు వారమునకొక దినము ఆటిజము పరీక్షకు కేటాయింపవలెను. తల్లి ప్రక్కన శిక్షణపొందిన ఉపాధ్యాయినియో ఆశా కార్యకర్తయో కూర్చుండి, ఫోను నిలుపుట మొదలు ఆట నడుపుటవరకు తోడ్పడవలెను. తెర యెక్కుటకు ముందే చెవుల పరీక్ష ముగియవలెను. తీర్మానము మూడు విధములుగ నుండవలెను: కలదు, లేదు, సందేహము. సందేహమన్నవారికి ముఖాముఖి పరీక్ష ఏ దినమున, ఏ వైద్యశాలయందు జరుగునో అప్పుడే వ్రాసియీయవలెను. సందేహమని చెప్పగల ధైర్యము లేని దూరవైద్యుడు బిడ్డకు మేలుచేయజాలడు.

అన్నింటికన్న ముఖ్యమైనది తీర్మానము తరువాతి మాట. "మీ బిడ్డకు ఆటిజము కలదు" అని చెప్పి తెర చీకటియైనచో, ఆ తల్లికి మిగులునది భయమొక్కటే. ఆ భయమును వెంబడించి దగాకోరులు వత్తురు. మూలకణముల చికిత్సతో నయము చేయుదుమని లక్షలు గుంజువారున్నారు; ఆటిజమునకు ఆ చికిత్స తగదని జాతీయ వైద్యమండలి 2022లోనే స్పష్టపరచినది. ఆటిజమును మాయముచేయు మందు లేదు. మాటకు బదులు బొమ్మలు చూపి అడుగుట నేర్పుట, చిన్నచిన్న మెట్లుగా పనులు నేర్పుట, బిడ్డ చూపు పట్టిన వస్తువుతోనే ఆట మొదలిడుట వంటి శిక్షణవలన పిల్లలు ఎంతయో నేర్చుకొందురు. పరీక్షకు పనికివచ్చిన తీగయే ఈ శిక్షణకును పనికివచ్చును. నిజమునకు ఇందుకే ఎక్కువ పనికివచ్చును. పరీక్ష ఒక్కనాటిది, శిక్షణ ఏండ్లది. వారమువారము వేలూరు పోవుట ఎవరికి సాధ్యము? వారమువారము తెరముందు అరగంట కూర్చుండుట తల్లికి సాధ్యమే. శిక్షణ లేని పరీక్ష, నీరు లేని చేనికి కొలతలు వేయించుట వంటిది.

గ్రామములందలి భూస్వాములకును, పట్టణములందలి విద్యావంతులకును ఒక మాట. ఈ పనియంతయు ప్రభుత్వమే చేయవలెనని కూర్చుండినచో మరల ఏండ్లు గడచును. మీ యింట మంచి ఫోనున్నది, ఏకాంతమైన గదియున్నది. మీ పొలమున పనిచేయు తల్లి బిడ్డకు వారమునకొక అరగంట వానిని ఇచ్చుటకు వ్యయమేమియు లేదు. ఆమెకు ఆ పూట కూలి కోత పెట్టకుండుట మరియు మంచిది. మీ బంధువులలో అట్టి బిడ్డ యున్నచో దాచకుడు. అక్క పెండ్లికి అడ్డువచ్చునని తమ్ముని గదిలో పెట్టి తలుపు వేయుట మన యిండ్లలో జరుగుచున్న పనియే. ఆ తలుపు ముందు తెరువక ఏ తెరయు చేయునది లేదు.

ఇరువదియైదేండ్ల క్రిందట అరగొండనుండి దూరమునకు పోయినది గుండె చప్పుడు. నేడు అదే సీమనుండి ఒక తల్లి, "నా బిడ్డ చందమామను చూచుటలేదు, అయ్యా" అని చెప్పుచున్నది. ఆమె మాట వినుటకు తెర చాలును. బిడ్డ చేయి పట్టుకొనుటకు మాత్రము మనుష్యుడు కావలెను. ఈ రెంటిని ఒకదానితో నొకటి జతపరచుటయే ప్రభుత్వముయొక్కయు, వైద్యులయొక్కయు, మనయొక్కయు కర్తవ్యము.